కిటికీ మూసిన క్లాసురూము: తిరుపతిలో ఒక గది లెక్క

మధ్యాహ్నం రెండున్నర క్లాసు. ఏసీ 24 మీద ఉంది. చల్లదనం బయటికి పోకుండా కిటికీలు బిగించారు, ప్రొజెక్టర్ కోసం కర్టెన్లు దించారు. ఇరవై నిమిషాలు తిరక్కుండానే వెనక వరసల్లో తలలు వాలడం మొదలవుతుంది. "అన్నం తిని వచ్చారు కదా, అంతే" అని లెక్చరర్ సర్దుకుంటారు. అన్నం పాత్ర లేదని కాదు. కానీ అదే పిల్లలు అదే భోజనం చేసి వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుంటే గంటసేపు గొంతు చించుకుని వాదించుకుంటారు. కాబట్టి గదిని కూడా విచారించాలి.

1954లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ, 1983 నాటి పద్మావతి మహిళా యూనివర్సిటీ, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, వీటికి తోడు సంస్కృత విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు. ఏడు దశాబ్దాల కట్టుబడి అలవాట్లన్నీ తిరుపతి చుట్టుపక్కలే కనిపిస్తాయి. ఏ క్యాంపస్‌నూ వేలెత్తి చూపకుండా, ఎక్కడైనా ఉండే ఒక సగటు గదిని తీసుకుందాం. పొడవు 9 మీటర్లు, వెడల్పు 7, ఎత్తు 3.2. మన కొలతలో సుమారు 30 అడుగులకి 23. కింద టైల్సు, నున్నగా పూసిన గోడలు, పైన కాంక్రీటు శ్లాబు, 60 మంది విద్యార్థులు. గదిలో పట్టే గాలి దాదాపు 200 ఘనపు మీటర్లు. ఇక్కడి నుంచి చివరిదాకా లెక్కలన్నీ ఈ ఒక్క గదివే.

ఊపిరి లెక్క

కుదురుగా కూర్చుని వినే మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 60 మందికి 1,080 లీటర్లు. బయటి గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్ళకు 420 పాళ్ళ చుట్టూ ఉంటుంది. దీన్నే పీపీఎం అంటారు. గాలి అసలు మారని మన గదిలో అది నిమిషానికి 90 చొప్పున పెరుగుతుంది. హాజరు తీసుకోవడం ముగిసేలోపే, అంటే ఆరేడు నిమిషాల్లో, 1,000 దాటుతుంది. తలుపు సందుల్లోంచి గంటకు ఒక గదికి సరిపడా గాలి ఎలాగోలా దూరినా సరే, 50 నిమిషాల పీరియడ్ అయ్యేసరికి 3,000 పైన ఉంటుంది.

ఇది ప్రాణం మీదికి తెచ్చే అంకె కాదు. 2012లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు 22 మందిని పరీక్షించి, 1,000 దగ్గర ఓ మోస్తరుగా, 2,500 దగ్గర బాగా నిర్ణయశక్తి తగ్గడం చూశారు. తర్వాత వచ్చిన ప్రయోగాల్లో కొన్ని దీన్ని బలపరచలేదు. స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కలిపి చూస్తే వాటిలో తేడా కనబడలేదు. అందుకే దాన్ని దోషిగా కాక సాక్షిగా చూడడం మేలు. అది పెరిగిందంటే ఆ గదిలో ఒంటి వేడి, చెమట తేమ, ఒకరి జలుబు ఇంకొకరికి చేర్చే తుంపరలు, అన్నీ పోగుపడుతున్నాయని అర్థం.

స్ప్లిట్ ఏసీ బయటి గాలి తెస్తుందని చాలామంది నమ్ముతారు. తేదు. బయటి యూనిట్‌కీ లోపలి యూనిట్‌కీ మధ్య రాగి గొట్టాల్లో తిరిగేది చల్లబరిచే గ్యాసు. గదిలో గాలినే లాగి, చల్లబరిచి, తిరిగి మన మొహాన కొడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. 60 మందికి 6 కిలోవాట్లు, అంటే దాదాపు 1.7 టన్నుల ఏసీ మనుషుల వేడికే సరిపోతుంది. గది కొలత చూసి ఒకటిన్నర టన్ను ఏసీ ఒకటి బిగించి "చల్లగా లేదేంటి" అని మెకానిక్‌ను పిలిస్తే, అతను మాత్రం ఏం చేస్తాడు?

కార్బన్ డయాక్సైడ్‌ను 1,000 లోపు ఉంచాలంటే మనిషికి గంటకు 31 ఘనపు మీటర్ల తాజా గాలి కావాలి. 60 మందికి 1,860. అంటే గదిలో గాలంతా గంటకు తొమ్మిదిసార్లకు పైగా మారాలి. వినడానికి అసాధ్యంగా ఉంటుంది కానీ కిటికీలకిది సులువైన పని. తెరిచిన వైశాల్యాన్ని గాలి వేగంతో గుణించి, గాలి ఎదురుగా వీస్తే 0.6తో, ఏటవాలుగా వీస్తే 0.3తో మళ్ళీ గుణించాలి. 2 చదరపు మీటర్ల కిటికీలు తెరిచి, ఎదురుగోడకూ అంతే తెరిపి ఉంటే, సెకనుకు అర మీటరు గాలి, అంటే అగరొత్తి పొగ పక్కకు వాలే పాటి గాలి, గంటకు 2,160 ఘనపు మీటర్లు మోసుకొస్తుంది. ఎదురుగోడకు తెరిపి లేకపోతే ఈ లెక్క చెల్లదు. వరండా వైపు ఒక్క తలుపు మాత్రమే ఉన్న గదులు ఇక్కడే దెబ్బతింటాయి. తలుపు మూసినా గాలి ఆడేలా వరండా గోడకు ఎత్తులో వెంటిలేటర్లు పెట్టే పాత పద్ధతికి కారణం ఇదే. అల్యూమినియం స్లైడింగ్ కిటికీ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. కాంట్రాక్టరు "ఇదే సైజు సార్" అన్నప్పుడు ఈ తేడా అడగాలి.

మే నెలలో 40 డిగ్రీలు దాటిన గాలిని గంటకు తొమ్మిదిసార్లు లోపలికి రానిస్తే ఏసీ పెట్టి ప్రయోజనం లేదు, నిజమే. అలాంటప్పుడు 1,500 దగ్గర రాజీ పడితే తాజా గాలి అవసరం దాదాపు సగానికి, గంటకు 1,000 ఘనపు మీటర్లకు దిగుతుంది. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, దానికి ఎదురు మూలన గాలి లోపలికి రావడానికి జాలీ. ఈ రెండోది మరిచిపోవడమే మామూలుగా జరిగే తప్పు. లోపలికి దారి లేకపోతే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి కదలదు. ఇవేవీ కుదరని చోట కనీసం రెండు పీరియడ్ల మధ్య పది నిమిషాలు అటూ ఇటూ బార్లా తీయాలి. పైన చెప్పిన పాటి గాలి ఉంటే చెడ్డ గాలిలో ముప్పావుకు పైగా పోతుంది.

కొలిచి చూడాలంటే కొన్ని వేల రూపాయల మీటరు చాలు. పరారుణ కాంతితో నేరుగా కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉన్నదే కొనాలి. చవకగా దొరికేవి కొన్ని వేరే వాయువులను పసిగట్టి కార్బన్ డయాక్సైడ్‌ను ఊహించి చూపిస్తాయి. ముందు ఆరుబయట 420 దగ్గర చూపిస్తోందో లేదో చూసుకోవాలి. తర్వాత గది మధ్యలో, కూర్చున్న తల ఎత్తులో, ఎవరి ఊపిరీ నేరుగా తగలని చోట పెట్టాలి. కిటికీ అంచున పెడితే అది మనల్ని మోసం చేస్తుంది.

ఎండ ఏ గోడను కొడుతుంది

తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరాన 13.65 డిగ్రీల దగ్గరుంది. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండింటి నడుమ నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. ఉత్తరపు కిటికీకి ఎండ రాదని చెప్పే ఆర్కిటెక్చర్ పాఠం ఇంకా ఉత్తరాన ఉన్న దేశాలది, ఇక్కడికి పూర్తిగా అతకదు. అయినా ఉత్తరపు గోడకు సన్‌షేడ్ లెక్క తేలికే. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు 80 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి 4 అడుగుల కిటికీకి 9 అంగుళాలు చాలు. దక్షిణపు గోడకు డిసెంబరులో సూర్యుడు 53 డిగ్రీలకు దిగుతాడు. అదే కిటికీకి 3 అడుగుల సన్‌షేడ్ కావాలి. మామూలుగా పోసే 2 అడుగుల శ్లాబు ముక్క మూడింట రెండొంతులే కాపాడుతుంది. డిసెంబరు ఎండ ఇక్కడ పెద్ద బాధ కాదు కాబట్టి దాన్ని క్షమించవచ్చు.

క్షమించలేనిది పడమర. ఏప్రిల్ మధ్యలో సాయంత్రం 4 గంటలకు సూర్యుడు 34 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 4 అడుగుల కిటికీని ఆ ఎండ నుంచి కాపాడాలంటే దాదాపు 6 అడుగుల సన్‌షేడ్ పోయాలి. ఎవరూ పోయరు. అందుకే పడమటి గోడకు మెట్లు, స్టోర్‌రూము, టాయిలెట్లు, వరండా పెట్టి, క్లాసురూము కిటికీలను ఉత్తర దక్షిణాలకు తిప్పాలి. కట్టేసిన భవనమైతే నిలువు రెక్కలు, జాలీ, లేదా ఆ గోడ పక్కన నాలుగు గానుగ చెట్లు.

పై అంతస్తు సంగతి వేరు. కాంక్రీటు శ్లాబు పైన పడిన ఎండ వేడి లోపలికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మిద్దె మీద ఒంటిగంటకు ఎండ ముదిరితే, కింద తల మీద సెగ నాలుగైదింటికి తెలుస్తుంది. దీనికి తెల్ల టైల్సో తెల్ల పూతో వేయాలి. దుమ్ము పడితే పని చేయదు గనుక ఏటా వేసవికి ముందు కడగాలి. పైసా ఖర్చు లేని మందు ఇంకొకటుంది: టైమ్‌టేబుల్. పై అంతస్తు గదుల్ని పొద్దున పీరియడ్లకు, కింది గదుల్ని మధ్యాహ్నం పీరియడ్లకు కేటాయిస్తే చాలు. గదుల కేటాయింపు డిపార్టుమెంటు హోదాను బట్టి కాక ఎండను బట్టి జరిగిన చోట్లు చాలా తక్కువ.

ఎంత వేడి ఎక్కువ వేడి? 2016 వేసవిలో బోస్టన్‌లో 44 మంది విద్యార్థులను హార్వర్డ్ పరిశోధకులు 12 రోజులు గమనించారు. వడగాడ్పు రోజుల్లో ఏసీ లేని హాస్టళ్ళలో పడుకుని లేచినవాళ్ళు కొన్ని పరీక్షల్లో దాదాపు 13 శాతం నెమ్మదించారు. ఆ హాస్టళ్ళలో సగటు వేడి 26 డిగ్రీలు! మనకది డిసెంబరు. ఒళ్ళు వాతావరణానికి అలవాటు పడుతుంది గనుక ఆ అంకెను ఇక్కడికి తెచ్చి అతికించకూడదు. అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ మన దేశానికి విడిగా తయారుచేసిన లెక్క ఉంది. కిటికీలు తెరిచి ఉండే భవనాల్లో, గడిచిన నెల సగటు బయటి ఉష్ణోగ్రతను 0.54తో గుణించి 12.83 కలిపితే ఒంటికి హాయిగా ఉండే లోపలి ఉష్ణోగ్రత వస్తుంది. నెల సగటు 30 ఉంటే లోపల 29 హాయి. ఏసీని 29లో పెట్టమని కాదు దీని అర్థం. ఫ్యాను, తెరిచిన కిటికీ ఉన్న గది ఏడాదిలో చాలా నెలలు చాలునని అర్థం.

ఫ్యాను గురించి ఒక చిన్న మాట. ట్యూబ్‌లైటు ఫ్యాను రెక్కల కంటే పైన ఉంటే, తిరిగే రెక్కల నీడ నోటుపుస్తకం మీద రెపరెపలాడుతూనే ఉంటుంది. ఆ సీట్లో కూర్చున్నవాడికి గంటలో కళ్ళు లాగుతాయి. లైట్లను రెక్కల మట్టం కంటే కిందికి దించాలి, లేదా ఫ్యానుల వరసకు పక్కగా జరపాలి.

మాట ఎందుకు చెదిరిపోతుంది

ఇదే అసలు కథ, దీన్నే అందరూ వదిలేస్తారు. ఎందుకంటే ప్రతిధ్వని కంటికి కనబడదు, ఫొటోలో రాదు.

గదిలో ఒక శబ్దం ఆగాక పూర్తిగా అణగడానికి పట్టే సమయానికి ఒక సూత్రం ఉంది. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే వైశాల్యంతో భాగించాలి. మన గదిలో టైల్సు, పూత గోడలు, శ్లాబు కలిపి 228 చదరపు మీటర్లు. ఇవన్నీ తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు పాళ్ళే పీలుస్తాయి. పీల్చే వైశాల్యం 7 చదరపు మీటర్లు కూడా రాదు. ఖాళీ గదిలో శబ్దం 4.7 సెకన్లు తిరుగుతుంది. మనిషి ఒంటి మీది బట్టలు బాగా పీలుస్తాయి, మనిషికి సుమారు 0.45 చదరపు మీటరు. 60 మంది వస్తే 1 సెకను లోపుకు దిగుతుంది. 20 మందే వస్తే 2 సెకన్లు. అంటే హాజరు తగ్గినకొద్దీ పాఠం వినబడడం తగ్గుతుంది. పీజీ సెమినార్ గదుల్లో పదిహేను మందే ఉన్నా మాట అర్థం కాకపోవడానికి ఇదీ ఒక కారణం. అమెరికాలో ఈ సైజు తరగతి గదులకు ప్రమాణం 0.6 సెకను, అదీ గదిలో మనుషులు లేనప్పుడు.

తెరిచిన కిటికీ శబ్దాన్ని మొత్తం బయటికి వదిలేస్తుంది. 1.2 మీటర్లకు 1.5 మీటర్ల రెక్కల కిటికీలు ఆరు తెరిస్తే 10.8 చదరపు మీటర్లు. 20 మంది ఉన్న గదిలో 2 సెకన్లు కాస్తా 1.2కి దిగుతుంది. కాబట్టి ఏసీ పెట్టి కిటికీ మూసిన రోజు గాలితో పాటు మాట కూడా పాడైంది. దాని మీద ఏసీ మోత అదనం. రోడ్డు పక్క గదిలో మాత్రం కిటికీ తీస్తే హారన్లు లోపలికొస్తాయి. అక్కడ ఈ సలహా తిరగబడుతుంది.

మన విద్యార్థులకు ఇది రెట్టింపు భారం ఎందుకంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2021-22లో డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మీడియంకు మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చినవాళ్ళు క్లాసులో సగం ఉంటే, ఆ సగానికీ ప్రతిధ్వని ఎక్కువ నష్టం చేస్తుంది. మాటలో అర్థాన్ని మోసేది హల్లులు. అవి పొట్టివి, బలహీనమైనవి. ముందు అచ్చు తాలూకు మోత గదిలో ఇంకా తిరుగుతుండగానే వచ్చే హల్లు దాని కింద మునిగిపోతుంది. తెలుగులో అయితే పోయిన ముక్కను సందర్భాన్ని బట్టి మనసే పూరించుకుంటుంది. కొత్త భాషలో, కొత్త పారిభాషిక పదంలో పూరించుకునే సరుకు ఉండదు. "ఫిఫ్టీన్" అన్నారో "ఫిఫ్టీ" అన్నారో తేలదు. పరాయి భాషలో వినేవారికి మరింత నిశ్శబ్దం, మరింత తక్కువ ప్రతిధ్వని కావాలని శ్రవణశాస్త్రం ఎప్పుడో తేల్చింది. లెక్చరర్ గొంతు గది మోత కంటే కనీసం 15 డెసిబెల్స్ పైన వినబడాలి.

మైకు పెడితే సరిపోదా? గొంతు పెరుగుతుంది, ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. ముందు గదిని నిశ్శబ్దం చేసి, అవసరమైతే అప్పుడు మైకు.

సరైన మందు పైకప్పుకు. శబ్దాన్ని నూటికి 70 పాళ్ళు పీల్చే మినరల్ ఫైబర్ పలకలు 63 చదరపు మీటర్ల సీలింగంతా బిగిస్తే ఖాళీ గది 0.66 సెకనుకు వస్తుంది. బడ్జెట్ లేకపోతే వెనక గోడకైనా రాక్‌వూల్ (రాతి పీచు) ప్యానెళ్ళు, వాటి వెనక రెండు అంగుళాల ఖాళీ వదిలి, పైన గుడ్డ కప్పాలి. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ మాత్రం పని చేయవు. థర్మోకోల్ బుడగలు మూసుకుని ఉంటాయి, శబ్దం లోపలికి పోయే దారే ఉండదు. జిప్సం ఫాల్స్ సీలింగ్ అందంగా ఉంటుంది, మాటకు పెద్దగా సాయం చేయదు. పీల్చే పలకలు పెట్టాక కూడా ఒక గండం ఉంది. మూడేళ్ళకోసారి రంగులేసే మేస్త్రీ గోడలతో పాటు పలకలకూ పెయింటు కొడతాడు. రంధ్రాలన్నీ పూడిపోతాయి, మళ్ళీ మొదటికి. "సీలింగ్‌కు రంగు వేయరాదు" అని టెండరులోనే రాయాలి.

పరీక్షించడం సులువు. ఖాళీ గదిలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి ఫోనులో రికార్డు చేయండి. చప్పుడు తోక సెకను దాటి వినబడితే గదికి వైద్యం కావాలి.

చివరి బెంచీ నుంచి బోర్డు

మామూలు చూపున్నవాళ్ళు 8 మీటర్ల నుంచి 12 మిల్లీమీటర్ల అక్షరాన్ని అతి కష్టమ్మీద పోల్చుకోగలరు. హాయిగా చదవాలంటే దానికి మూడు నాలుగు రెట్లు, అంటే 4 సెంటీమీటర్లు ఉండాలి. ఇది ఇంగ్లిషు పెద్దక్షరం లెక్క. తెలుగులో ఒత్తు తల అక్షరంలో సగమే ఉంటుంది, గుడి, గుడిదీర్ఘాల తేడా చిన్న మెలిక మీద ఆధారపడుతుంది. బోర్డు మీద రాసినా స్లైడు మీద వేసినా తెలుగుకు ఇంకా పెద్ద అక్షరం కావాలి.

చదునైన నేల మీద ముందువాడి తల అడ్డం. కూర్చున్న మనిషి కళ్ళ కంటే నడినెత్తి సుమారు 12 సెంటీమీటర్లు పైన ఉంటుంది. బెంచీకి బెంచీకి 90 సెంటీమీటర్లు ఉంటే, 7 మీటర్ల దూరంలో గోడ మీద 2.1 మీటర్ల ఎత్తు దాటిందే ఆ తల మీదుగా కనబడుతుంది. మిగతాదంతా తలల సందుల్లోంచే. బెంచీల వరసలను సగం సీటు చొప్పున అటూ ఇటూ జరిపితే ఖర్చు లేకుండా సగం బాధ తీరుతుంది. బోర్డు దగ్గర అరుగు కడితే చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు కావాలి, ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. లెక్చరర్ వెనక కిటికీ ఉండకూడదు. ఎదురు వెలుగులో ముఖం చీకటైపోతే, పెదవులు చూసి మాట పోల్చుకునేవాళ్ళకు క్లాసే లేదు.

గుండ్రటి బల్లల మోజు

1990లలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ఫిజిక్సు విభాగంలో 7 అడుగుల గుండ్రటి బల్లలు, బల్లకు తొమ్మిది మంది, ముగ్గురేసి జట్లు అనే పద్ధతి పుట్టింది. ఇప్పుడు "స్మార్ట్ క్లాస్‌రూమ్" కొటేషన్లలో ఆ బొమ్మలే వస్తున్నాయి. 2014లో 225 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ప్రకారం సైన్సు, ఇంజనీరింగ్ కోర్సుల్లో ఉత్త లెక్చర్ వినేచోట 33.8 శాతం ఫెయిలైతే, విద్యార్థులతో పని చేయించేచోట 21.8 శాతమే. ఈ ఫలితం బోధన పద్ధతిది, బల్లది కాదు. గుండ్రటి బల్లలు వేసి గంటంతా లెక్చర్ ఇస్తే సగం మంది మెడ తిప్పుకుని కూర్చోవడం తప్ప ఒరిగేదేం లేదు.

మన గదిలో అవి పట్టవు కూడా. కుర్చీలు, నడకదారి కలుపుకుంటే ఒక్కో బల్లకు 16 చదరపు మీటర్లు కావాలి. 63లో మూడు హాయిగా, నాలుగు ఇరుకుగా. 60 మందిలో సగం బయట నిలబడాలి. దానికంటే నేలకు బిగించిన బెంచీల్ని విప్పి, రెండేసి సీట్ల తేలికపాటి డెస్కులు వేయడం మంచిది. ముందు వరస వెనక్కి తిరిగి కూర్చుంటే నలుగురి జట్టు తయారు. జరిపేటప్పుడు టైల్సు మీద కీచుమనకుండా కాళ్ళకు రబ్బరు తొడుగులు వేయాలి, లేకపోతే ఆ సద్దుకే లెక్చరర్ జట్లు కట్టించడం మానేస్తారు. పక్కన రాత పలక ఉన్న కుర్చీలు కొంటే పదింట ఒకటి ఎడమచేతివాటంది ఆర్డరు పెట్టాలి.

పీరియడ్ లేని గంట

శ్రీకాళహస్తి, పుత్తూరు, చంద్రగిరి వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు మొదటి పీరియడ్‌కి గంట ముందే దిగుతారు, సాయంత్రం బస్సు టైము దాకా ఉంటారు. టిఫిన్ బాక్సు విప్పడానికి, అసైన్‌మెంటు రాసుకోవడానికి వీళ్ళకు చోటేది? వరండాలో 45 సెంటీమీటర్ల ఎత్తు సిమెంటు అరుగు, మీద నీడ, పక్కన ఒక ప్లగ్ పాయింటు. లైబ్రరీ కంటే ఎక్కువ చదువు అక్కడ జరుగుతుందంటే అతిశయోక్తి కాదు. 2015లో మెల్‌బోర్న్ పరిశోధకులు విద్యార్థులకు పరీక్ష మధ్యలో 40 సెకన్లు పచ్చటి మిద్దెతోట బొమ్మ చూపిస్తే, కాంక్రీటు మిద్దె చూసినవాళ్ళ కంటే తర్వాత తప్పులు తక్కువ చేశారు. ఇక్కడ బొమ్మ అక్కర్లేదు, శేషాచలం కొండలున్నాయి. పిల్లలు దిక్కులు చూస్తారని కిటికీ అద్దాలకు స్టిక్కర్లు అంటించే పద్ధతి మాత్రం మానాలి.

సాయంత్రం రీడింగ్ రూముల్లో కిటికీలు మూయించేది దోమలు. మెష్ బిగిస్తే గాలి తగ్గుతుంది, దుమ్ము పడితే ఇంకా తగ్గుతుంది. కాబట్టి కిటికీ పెద్దదై ఉండాలి, మెష్ ఫ్రేము ఊడదీసి కడిగేలా ఉండాలి.

ఇవన్నీ ఏప్రిల్‌లో కొలిచి ఊరుకుంటే సరిపోదు. తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యం నుంచి వస్తాయి. ఏసీ లేని గదిలో కూడా ఆ రోజుల్లో తూర్పు, ఉత్తరపు కిటికీలు మూసేస్తారు, తడిసిన బట్టలతో 60 మంది లోపలే ఉంటారు. సెమిస్టరు పరీక్షలు ముంచుకొచ్చేదీ అప్పుడే. మీటరును నవంబరులో, జడివాన పడుతున్న పూట, రెండో పీరియడ్ మధ్యలో ఇంకోసారి పెట్టి చూడాలి.